మూడో సర్వరు

మద్రాసు నుంచి రావాల్సిన సర్వరు బోర్డు ముసురు పట్టిన సోమవారం నాడు వచ్చింది. కొరియరతను దాన్ని గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్లిపోతే, కామాక్షి గొడుగు లేకుండానే వెళ్లి, అట్టపెట్టెను చున్నీ కింద పెట్టుకుని తెచ్చుకుంది. ఆమె తల తడిసింది గాని పెట్టె తడవలేదు.

చిల్లకూరు దాటి సముద్రం వైపు మళ్లిన దారిలో, రొయ్యల చెరువుల మధ్య ఉంది ఆ ప్లాంటు. చెరువుల నుంచి వచ్చిన రొయ్యలకు షెడ్డులో ఆడవాళ్లు తలలు తీసి, పొట్టు వలుస్తారు. అక్కడి నుంచి అవి తూకానికీ, గడ్డకట్టడానికీ, కోల్డ్ రూములకూ, చివరికి కంటెయినర్లలోకీ పోతాయి. ఏ పెట్టెలో ఏ చెరువు సరుకు ఉందో, ఏ గదిలో ఎంత చలి ఉందో గుర్తు పెట్టుకునే పని ఆఫీసు వెనక గదిలోని మూడు సర్వర్లది. ఆ మూడూ ఒకే జట్టు. ఒకటి పడిపోయినా మిగతా రెండూ దాని పని కూడా లాగుతాయి. దీపావళి దాటాక మూడోది పడిపోయింది. పని మిగతా రెండింటి మీదికి సర్దుకునేలోపల కాసేపు లేబుళ్లు అచ్చు కాలేదు, ఒక కంటెయినరు హార్బరుకు ఆలస్యంగా చేరింది. గది తుడిచే మగ్దలీనమ్మ ప్లగ్గు పీకేసిందని చెప్పి, ఆ సాయంత్రమే ఆమెను పని మాన్పించారు. అప్పటి నుంచి రెండు సర్వర్లే నడుస్తున్నాయి. మూడోది బోర్డు కోసం ఆగిపోయి ఉంది.

ఆ గది కామాక్షి చేతిలో ఉంటుంది. తాళంచెవి ఆమె దగ్గరే. చిట్టమూరు పక్కన వరి పండించుకునే ఇంటి పిల్ల. రోజూ షేర్ ఆటోల్లో వచ్చిపోతుంది.

ఆమె పెట్టె విప్పుతుండగా మేనేజరు నరేంద్రబాబు తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"గురువారం తనిఖీవాళ్లు వస్తుండారు. కొనేవాళ్ల తరఫున. మూడూ నడస్తా కనబడాల కామాక్షీ. రెండే చూపించినామంటే రికార్డుకు భద్రత లేదని రాసేస్తారు."

"బోర్డు వచ్చేసింది గదా సార్. అయిపోతుంది."

"కావాల," అని ఆయన వెళ్లిపోయాడు. ఆయన బూట్ల తడి గుమ్మం దగ్గర మిగిలింది. మగ్దలీనమ్మ పోయాక ఆ గది తుడవడానికి ఎవరినీ రానివ్వడం లేదు. కామాక్షే మూలనున్న గుడ్డ తెచ్చి తుడిచింది.

మూడో సర్వరును పట్టాల మీద నుంచి ముందుకు లాగి, ఇద్దరు మోయాల్సిన దాన్ని ఒక్కతే బల్ల మీదికి దించుకుంది. పైమూత స్క్రూలు తీసి తన టిఫిన్ డబ్బా మూతలో వేసింది. ఆ యంత్రానికి వెనక రెండు కరెంటు తీగలుంటాయి. ఒకటి మామూలు లైనుది, రెండోది జనరేటరు వెనకున్న బ్యాటరీలది. రెండూ లోపలికి వచ్చి ఒక సన్నటి పలక మీద కలుస్తాయి. పాత బోర్డు ఆ పలకే. పైకి లాగబోతే అది కదల్లేదు. అటూ ఇటూ మెల్లగా ఊపింది. చివరికి కరకరమని ఊడి వచ్చింది.

పలక మీద రాగి కనబడలేదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా పచ్చటి పొక్కు, దాని మీద తెల్లగా ఉప్పు పూత. ఆమె వేలి గోరుతో గీకితే పొడి రాలింది. తలెత్తి చూసింది. మూడో సర్వరు ఉండే చోటికి సరిగ్గా పైన ఏసీ. దాని కింద గోడ మీద, నీరు కారి ఆరిన చార. వానలకు ముందు ఏసీ చెడిపోయినప్పుడు, యంత్రాలకు గాలి ఆడాలని కిటికీ తెరిపించారు. సముద్రం గాలి ఆ కిటికీలోంచి గదిలోకి రోజుల తరబడి వీచింది.

ఒక తీగ పీకితే రెండోది నడిపిస్తుంది. ఆ సంగతి కామాక్షికి ఈ రోజు తెలిసింది కాదు. ఈ యంత్రాలను పట్టాల మీద బిగించి, తీగలు పెట్టిందే ఆమె. యంత్రం ఆగిన రోజు మాత్రం, రెండో తీగ ముందే చెడిపోయి ఉంటుందేమో, పీకింది ఒకటే అయినా ఆగిపోయి ఉంటుందేమో అనుకుంది. అట్లా అనుకుని మిగతా రెండు సర్వర్ల మీదికి దృష్టి మళ్లించింది. ఇప్పుడు పచ్చటి పొడి అంటిన గోరును చూసుకుంటూ కుర్చీలో చాలాసేపు కూర్చుండిపోయింది.

*

మంగళవారం ఆమె పని స్పిరిటుతో, పాత టూత్‌బ్రష్‌తో మొదలైంది. కొత్త బోర్డు వచ్చినా, అది కూర్చునే చోటు శుభ్రం కాకపోతే దానికీ అదే గతి. పళ్ల మధ్య తోమినట్టు ఒక్కొక్క గాడినీ తోమి, దూదితో అద్ది, మళ్లీ తోమింది. దూది పచ్చగా వచ్చినంతసేపూ తోమింది. అది తెల్లగా వచ్చాక బోర్డు కూర్చోబెట్టి, రెండు తీగలూ పెట్టి, మిగతా రెండు సర్వర్లతో కలపకుండా వేరుగా మీట నొక్కింది. ఫ్యాన్లు ఒక్కసారి గట్టిగా అరిచి సద్దుమణిగాయి. ఒక తీగ పీకి చూసింది. ఆగలేదు. అది పెట్టి రెండోది పీకింది. ఆగలేదు.

అందులో ఉన్న రికార్డు పాతది. ఇన్నాళ్లుగా ప్లాంటులో జరిగింది దానికి తెలియదు. అందుకని దానిలోది మొత్తం తుడిచేసి, మొదటి సర్వరు నుంచి కొత్తగా కాపీ పెట్టింది. నడిచే సర్వర్లు రెండూ పనిలో ఉన్నాయి కాబట్టి వాటిని ఒత్తిడి చేయకుండా మెల్లగా కాపీ అయ్యేటట్టు పెట్టింది. తెర మీద గీత గోరంత కదిలింది. బుధవారం మధ్యాహ్నానికి గాని అవదు.

పాత పలక ముక్కను కాగితంలో పెట్టుకుని నరేంద్రబాబు గదికి వెళ్లింది.

ఆయన భోజనం చేస్తున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, కాగితం విప్పి చూశాడు. అర్థమైనట్టు వెంటనే తెలిసింది, ఎందుకంటే ఏమీ అడగలేదు.

"మగ్దలీనమ్మ పీకలేదు సార్. ఒక తీగ ఎవరు పీకినా ఆగేది కాదు. దీన్ని ఉప్పు తినేసింది."

"ఇప్పుడు ఏం చేయమంటావు?"

"ఆమె తప్పు లేదని చెప్పండి సార్. అందరిలో."

నరేంద్రబాబు టిఫిన్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, క్యారియరు కమ్మీ బిగించాడు. ఆయనకు కోపం వచ్చినట్టు లేదు. అలసిపోయినట్టున్నాడు.

"ఉప్పు తిన్నదంటే హెడ్డాఫీసోళ్లు ఏమడుగుతారు? గది ఎవరి చేతిలో ఉండాది అంటారు. ఎవరి చేతిలో ఉండాది?"

"ఏసీ పోయిందని మీకు చెప్పినాను సార్."

"చెప్పినావు. నోటితో చెప్పినావు. నేనూ పైవాళ్లకి నోటితోనే చెప్పినా. కిటికీ తీయమన్నది నేనే. కాదనను. అయినా అడిగితే నీ పేరే వస్తాది. అర్థమవుతుందా? నీ మంచికే చెప్తుండా."

కామాక్షి కాగితంలోని పచ్చటి పొడినే చూస్తోంది.

"ఆమెను పిలుచుకో," అన్నాడాయన. "షెడ్డులో వలిచే పనిలో పెట్టిస్తా. కాంట్రాక్టరుకు నేను చెప్తా. పాత సంగతి మాత్రం ఎత్తొద్దు. ఆమెకూ పని దొరుకుతుంది, నీకూ మనసు కుదుటపడుతుంది."

పలక ముక్కను కాగితంలో చుట్టి ఆయనే సొరుగులో వేసుకున్నాడు.

*

బుధవారం కాపీ పూర్తయింది. కలపడం ఒక్కటే మిగిలింది. అది మరునాడు పొద్దున, తనిఖీవాళ్లు రాకముందు చేయాలని నరేంద్రబాబు చెప్పాడు. కామాక్షి మధ్యాహ్నం సెలవు పెట్టి మగ్దలీనమ్మ ఊరికి బయల్దేరింది. ఆటో దిగాక చెరువు కట్ల మీదుగా నడవాలి. వాన తెరిపిచ్చింది. కట్ట మట్టి చెప్పులకు అంటుకుని అడుగు బరువైంది. కాలనీ మొదట్లో, చర్చి పక్కన వెదురు బొంగుకు కట్టిన కాగితం నక్షత్రం తడిసి ఒక కొమ్ము వాలిపోయి ఉంది.

మగ్దలీనమ్మ అప్పుడే నారు పీకే పని నుంచి వచ్చి, బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. మోకాళ్ల దాకా బురద. చేతులు నీళ్లలో నాని ముడతలు పడ్డాయి. ఆమె భర్త, సమాధానం అనే ఆయాసం మనిషి, వసారాలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏంది కామాక్షమ్మా, ఇంత దూరం వచ్చినావు? కుర్చీ ఎయ్యయ్యా ఆమెకు."

"ఒద్దులే అక్కా. ఒక మాట చెప్పాలని వచ్చినా." దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఆమె ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "ఆ మెషిన్ నీ వల్ల ఆగలేదు. నేను విప్పి చూసినా. లోపల ఉప్పు పట్టి తినేసిండాది. నీ తప్పేం లేదు."

మగ్దలీనమ్మ ఒక కాలి మీద నీళ్లు పోసుకుని, పీచుతో వేళ్ల సందులు రుద్దుకుంది. తర్వాత రెండో కాలు.

"నా వల్ల ఆగలేదని నాకు తెలీదా అమ్మా?" అంది.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అడిగినదానికి చెప్పినట్టుంది అంతే.

"షెడ్డులో వాళ్లందరికీ తెల్సు. నా చేతిలో తడి గుడ్డ ఉండె. తడి చేత్తో తీగల కాడికి నేను పోతానా? కరెంటంటే నాకు చచ్చేంత భయం. అందరూ నవ్వుతారు గూడా దానికి." చెంబు బోల్తా పెట్టింది. "ఆ దినం సారు అరస్తా ఉంటే నేను నీ మొకమే జూసినా. నీకు తెల్సుంటుంది, చెప్తావులే అని. నువ్వు కంప్యూటర్ జూసుకుంటా ఉండావు."

"మిగతా రెండూ పడిపోతాయేమోనని అక్కా..." అని కామాక్షి మొదలుపెట్టి ఆపేసింది. అది నిజమే. ఆ నిజం ఇక్కడ, ఈ బోరింగు దగ్గర, ఎందుకూ పనికిరాకుండా ఉంది.

వసారాలో సమాధానం దగ్గాడు. దగ్గు ఆగాక, "ఆమె చేతులకు ఏ పనైనా ఒకటేనమ్మా. అందరిలో అవమానపడింది," అన్నాడు.

"షెడ్డులో పని ఇస్తామన్నారు," అంది కామాక్షి.

"ఏమని ఇస్తారంట?"

"ఏమనీ లేదక్కా. ఊరికే రమ్మన్నారు."

"అంటే, తప్పు చేసింది, పోన్లే పాపమని రానిచ్చినట్టే గదా." మగ్దలీనమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "నేను రానమ్మా. కాలవ అవతల ఇంకో ప్లాంటుండాది చూడు, ఆడికి పొయ్యినా. సూపర్‌వైజరు మధుబాబు అని. పేరు చెప్పంగానే, మెషిన్ పీకినామెవు నువ్వేనా అన్నాడు. నలుగురు ఆడోళ్ల ముందర. మీ సారుకు ఫోన్ చేసి కనుక్కున్నాడంట. నారు పని ఇంకెన్నాళ్లుంటాది? నాట్లయిపోతే అదీ లేదు." ఆగి, కామాక్షి వైపు సూటిగా చూసింది. "ఆ మధుబాబుకు చెప్పమ్మా. నువ్వు చేయాలనుకుంటే ఆ ఒక్కటి చెయ్యి."

కామాక్షి అక్కడే నిలబడి నంబరు కనుక్కుని ఫోను చేసింది. స్పీకరులో పెట్టింది. తన పేరు, ఉద్యోగం చెప్పి, యంత్రం ఎందుకు ఆగిందో చెప్పి, మగ్దలీనమ్మ తప్పేమీ లేదంది. మధుబాబు మర్యాదగానే విన్నాడు.

"మీ సారు చెప్తే సరే మేడమ్. నాకు ఆయనే గదా చెప్పినాడు. మీరు చెప్పినారని నేను మా వాళ్లతో అంటే ఏం బాగుంటాది?"

మగ్దలీనమ్మ అంతా వింది. పొయ్యి అంటించడానికి లోపలికి వెళ్లింది.

*

గురువారం పొద్దున మళ్లీ వాన. కామాక్షి మూడో సర్వరును పట్టాల మీదికి ఎక్కించి, వెనక్కి తోసి, తీగలన్నీ బిగించింది. తెర మీద మూడు పేర్లున్నాయి. రెండు పచ్చగా, ఒకటి బూడిద రంగులో. ఒక్క ఆజ్ఞ రాసి మీట నొక్కితే మూడోది జట్టులో కలుస్తుంది. ఆజ్ఞ రాసింది. మీట నొక్కకుండా చేతులు ఒళ్లో పెట్టుకుంది.

నరేంద్రబాబు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెళ్లో కార్డు. "చిల్లకూరు దాటినారంట. అయిందా?"

"మీట నొక్కితే అయిపోతుంది సార్."

"నొక్కు మరి."

"మధుబాబు గారికి ఒక ఫోన్ చేయండి సార్. మగ్దలీనమ్మ గురించి."

ఆయన ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత తలుపు దగ్గరకు వేశాడు.

"బెదిరిస్తుండావా?"

"లేదు సార్. అడుగుతుండా." చేతులు ఒళ్లోంచి తీయలేదు. "నొక్కనని అనడం లేదు. మీరు ఫోన్ చేశాక నొక్కుతాను."

"ఇందులో నీకేం వస్తుంది? నిన్న గాక మొన్న చెప్పినా గదా, తిరిగి నీ మీదికే వస్తాదని."

"చెప్పినారు సార్."

ఆయన గదిలో అటూ ఇటూ చూశాడు. ఇంకెవరైనా ఈ పని చేయగలరేమో అని ఆలోచిస్తున్నట్టుంది. ఇంకెవరూ లేరు. నెల్లూరు నుంచి మనిషిని పిలిపించేసరికి తనిఖీ అయిపోతుంది. చివరికి జేబులోంచి ఫోను తీశాడు.

"ఆ, మధుబాబూ. నరేంద్రని. మా కాడ చేసినామె ఉండాదే, మగ్దలీనమ్మ... పని కోసం మీ కాడికి వచ్చిందంట గదా. పోన్లే పాపం, తీసుకోండి. ఏదో తెలీక చేసింది..."

"తెలీక చేసింది కాదు సార్," అంది కామాక్షి. "చేయలేదు."

నరేంద్రబాబు ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కిటికీ అద్దంలోంచి గేటు తీస్తున్న వాచ్‌మన్ కనబడ్డాడు. అతని వెనక తెల్ల కారు, దాని అద్దాల మీద అటూ ఇటూ తిరుగుతున్న వైపర్లు. ఏసీ చల్లగా ఉన్నా నరేంద్రబాబు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అరచెయ్యి తీసి, ఈసారి నేల వైపు చూస్తూ మాట్లాడాడు.

"మధుబాబూ, ఆమె ఏమీ చేయలేదు. మెషిన్ దానంతటదే చెడిపోయింది. మేమే పొరబడినాం. ఆఁ... అదే. ఉంటా."

కామాక్షి మీట నొక్కింది. మూడో పేరు బూడిద రంగు నుంచి పసుపుకు మారింది. నిన్నటి కాపీ తర్వాత జరిగినదాన్ని మిగతా రెండింటినీ అడిగి తెలుసుకుంటోంది. నరేంద్రబాబు ఆగకుండా తనిఖీవాళ్లకు ఎదురు వెళ్లిపోయాడు. వాళ్లు చేతులు కడుక్కుని, తలకు టోపీలు పెట్టుకుని, షెడ్డు చూసి ఈ గదికి వచ్చేసరికి మూడు పేర్లూ పచ్చగా ఉన్నాయి. వాళ్లలో ఒకావిడ తెర చూసి, బాగుందన్నట్టు తలాడించి, ముందుకు వెళ్లిపోయింది.

*

తర్వాతి వారం హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది. సర్వరు గదిలో తేమ, ఉప్పు చేరకుండా చూడాల్సిన మనిషి చూడలేదని, అందువల్ల ఒక యంత్రం పాడైందని, కామాక్షి కాంట్రాక్టు ఈ నెలతో ఆపేస్తున్నామని ఒకమ్మాయి ఇంగ్లీషులో మృదువుగా చెప్పింది. కామాక్షి నెల్లూరు నుంచి వచ్చిన కొత్తతనికి తాళంచెవి ఇచ్చి, ఏసీ చుక్కలు ఎక్కడ పడతాయో, పలకలను ఎప్పుడెప్పుడు తుడవాలో చూపించింది. అతను ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. వెళ్లేముందు నరేంద్రబాబు గది తలుపు దగ్గర నిలబడితే, ఆయన ఫైలులోంచి తలెత్తలేదు.

"నేను ముందే చెప్పినా గదా," అన్నాడు. సంతోషంగా అన్న మాట కాదు. "అనుభవం సర్టిఫికెట్టుకు తర్వాత రా."

తర్వాత వెళ్లింది. సంతకం కాలేదన్నారు. ఇంకోసారి రమ్మన్నారు. తిరిగి వచ్చి రోడ్డు మలుపులో, సగం రేకు ఎగిరిపోయిన షెల్టరు కింద ఆటో కోసం నిలబడింది. పని పోయిన సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. సన్నగా తుంపర. చెరువుల మీద ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

కాలవ అవతలి ప్లాంటు వ్యాను, షిఫ్టు దిగిన ఆడవాళ్లతో నిండి వచ్చి మలుపులో ఆగింది. ఎదురుగా ఐసు లారీ ఒకటి అడ్డంగా తిరుగుతోంది. వ్యాను కిటికీలు తెరిచే ఉన్నాయి. లోపల ఎవరో గొంతు తగ్గించకుండానే అన్నారు.

"అదో, ఆ పిల్లేనంట. ఆ ప్లాంటులో సర్వరు చెడగొట్టిందంట. పంపించేసినారు."

కామాక్షి చెరువు వైపు తిరిగింది.

"ఎవురు చెప్పినారు నీకు?" ఆ గొంతు ఆమెకు తెలుసు.

"అందరూ అనుకుంటుండారు."

"అనుకునేవాళ్లు ఆడ ఉండారా? నేనుండా. ఆ పిల్ల చెడగొట్టలా. చెడిపోయినదాన్ని బాగు చేసింది. తెలీకుంటే ఊరుకో."

తర్వాత కిటికీలోంచి మగ్దలీనమ్మ తల బయటికి పెట్టింది. నుదుటి మీద టోపీ రబ్బరు అచ్చు ఇంకా పోలేదు.

"తడస్తుండావే కామాక్షమ్మా. ఎక్కు. చిట్టమూరు దారిలో దింపమందాం."

కామాక్షి ఎక్కింది. లోపల రొయ్యల వాసన, బ్లీచింగు వాసన. ఇందాక మాట్లాడినామె ఎవరో ఆమెకు తెలియలేదు. ఒక నడివయసు మనిషి మాత్రం ఆమె వైపు చూడకుండా పక్కకు జరిగి చోటిచ్చింది. మగ్దలీనమ్మ పక్కన ఆమె ఇరుక్కుని కూర్చుంది. వ్యాను కదిలింది.

"ఎట్టుండాది అక్కా ఆడ పని?"

"పనికేముంది. ఐసుకు చేతులు తిమ్మిరెక్కుతాయి, అంతే." మగ్దలీనమ్మ వేళ్లు ముడిచి విప్పింది. "నీకేమన్నా దొరికిందా?"

"ఇంకా లేదు."

"మా కాడ గూడా కంప్యూటర్ల గది ఉండాది. మనిషి కావాలని అనుకుంటుండారు. మధుబాబును అడిగేదా?"

కామాక్షి తడిసిన చున్నీ కొస పిండుకుంది. "ఆయన మళ్లీ మా సారుకు ఫోన్ చేస్తాడక్కా."

"చేస్తాడు," అంది మగ్దలీనమ్మ.

వ్యాను గుంతలో పడి లేచింది. అందరూ ఒక పక్కకు ఒరిగి మళ్లీ సర్దుకున్నారు. బయట చీకటి పడుతోంది.

"అయినా అడుగుతా," అంది.